కాలవగట్టు ఎకరం

చి. సౌ. అమ్మడికి,

మీ చినమావయ్య ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. పక్షవాతం వచ్చిన బావగారి కుడిచెయ్యి కొద్దికొద్దిగా లేస్తోందనీ, నిన్న అన్నం తనే కలుపుకున్నారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మీ అత్తయ్య అప్పటికప్పుడు దేవుడి దగ్గర దీపం వెలిగించింది.

అదే ఫోన్లో మీ అమ్మ ఇంకో సంగతి చెప్పింది. సంక్రాంతి వెళ్లగానే పొలం మొత్తం నీ పేరునా తమ్ముడి పేరునా చెరిసగం, హక్కు ఇప్పుడే మారిపోయేలా దాన సెటిల్‌మెంట్ రాయించేస్తావట. ఊళ్లో ఇల్లు అద్దెకిచ్చి అమ్మానాన్నల్నీ నాయనమ్మనీ విజయవాడ తీసుకుపోతావట. "అమ్మడే అంతా చూసుకుంటోంది చిన్నన్నయ్యా, నాకే బెంగా లేదు" అంది. ముప్పై ఏళ్ల కిందట నా గురించి కూడా అది ఇదే మాట అంది. అందుకే ఫోను పెట్టేశాక నిద్ర పట్టలేదు. తెల్లారగట్ల లేచి కాగితాలు ముందేసుకున్నాను.

మంచిమాట ముందు చెబుతాను. రిజిస్ట్రారాఫీసు ఎదురుగా బల్ల వేసుకుని ముప్పై ఎనిమిదేళ్లు దస్తావేజులు రాశాను. మనిషి బతికుండగా వచ్చి ఆస్తి సంగతి తేల్చుకున్న ఇళ్లు తక్కువ. పెద్దకర్మ అయిన మర్నాడు అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వచ్చి బల్లకి అటొకరూ ఇటొకరూ కూర్చున్న ఇళ్లే ఎక్కువ. వీలునామా అనగానే "ఏం, నన్ను అప్పుడే సాగనంపుదామనా?" అని కసిరే తండ్రులు, ఆ మాట పడలేక నోరు మూసుకునే పిల్లలు, నా బల్ల దగ్గర వీళ్లనే చూశాను. నువ్వు ఆ మాట ఎత్తావు. బావగారు కోప్పడకుండా విన్నారు. మా ఇంట్లో ఒక్కరికీ లేని ధైర్యం నీకుంది. మా నాన్న ముందు ఆ మాట ఎత్తే ధైర్యం నాకుంటే ఇవాళ ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

కానీ నువ్వు వేసుకున్న పథకంలో రెండు తప్పులున్నాయి. ఒకటి చట్టం ఒప్పుకోదు. రెండోది చట్టం ఒప్పుకున్నా నేను ఒప్పుకోను.

మొదటిది తమ్ముడి సంగతి. వాడు డాలస్‌లో ఉంటున్నాడు. విదేశాల్లో కాపురం ఉంటున్నవాళ్లు ఇక్కడ వ్యవసాయ భూమి కొనకూడదు, దానంగా పుచ్చుకోనూ కూడదు. ఫెమా అని 1999లో వచ్చిన విదేశీ మారకద్రవ్యం చట్టం ఉంది, దాని కింది నిబంధన అది. ఇల్లో ఫ్లాటో అయితే తండ్రి కొడుక్కి దానం రాయొచ్చు. పొలం, తోట, పొలంలో కట్టిన ఇల్లు మాత్రం కుదరదు. అదే పొలం తండ్రి తదనంతరం వారసత్వంగా, వీలునామా ద్వారా వస్తే ఏ అభ్యంతరమూ లేదు, నిక్షేపంగా ఉంచుకోవచ్చు. అమ్మదలిస్తే ఇక్కడుండే మన దేశస్తుడికే అమ్మాలి, అంతే. సెటిల్‌మెంటు రాసి తీసుకెళ్తే ఆఫీసులో ఎవరూ అడక్కపోవచ్చు, రిజిస్టరు అయిపోనూ వచ్చు. పదేళ్ల తర్వాత వాడు అమ్ముకోబోయినప్పుడు చిక్కొస్తుంది, అప్పుడు సరిచేయడానికి బావగారు ఉండరు. అదే వీలునామా అయితే వాడు రావక్కర్లేదు, సెలవు పెట్టక్కర్లేదు, సంతకం పెట్టక్కర్లేదు. స్టాంపు ఖర్చు కూడా లేదు.

అసలు ఏది రాయించాలన్నా ముందు కాగితాలు చూసుకో. ఈసీ, అంటే ఆ పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల, తాకట్ల జాబితా, తీయించు. కంప్యూటర్లో వచ్చే దానితో సరిపెట్టుకోకుండా అంతకుముందు ఏళ్లది ఆఫీసులో పాత పుస్తకాలు చూపించి రాయించు. లింకు డాక్యుమెంట్లన్నీ, అదే పాత దస్తావేజులన్నీ, ఒక సంచిలో పెట్టు. రెవెన్యూ రికార్డుల్లో, అంటే వన్‌బీలోనూ అడంగల్లోనూ, విస్తీర్ణం సెంట్లతో సహా కలుస్తోందో లేదో చూడు. మీ ఊళ్లో రీసర్వే అయింది కనక పాత సర్వే నంబరూ రీసర్వేలో భూమి ముక్కకి ఇచ్చిన కొత్త ఎల్‌పీఎం నంబరూ రెండూ రాయించు. ఎల్‌పీఎం ఉమ్మడిగా పడిందేమో కనుక్కో, పడితే ముందు అది విడదీయించు. నాలుగు పక్కలా హద్దుదారుల పేర్లు చెక్కుబందీలో ఇప్పుడున్నవాళ్లవి రాయించు. మనుషులు పోయి ముప్పై ఏళ్లయినా వాళ్ల పేర్లే దస్తావేజుల్లో తిరుగుతుంటాయి. సొసైటీలో పంట రుణం ఎంతుందో రాసిపెట్టు. బావగారు చేబదులుగా ఇచ్చినవీ తెచ్చినవీ అడిగి రాసుకో. ప్రోనోటు మూడేళ్లు దాటితే చిత్తుకాగితమే. బ్యాంకులో నామినీగా ఎవరి పేరుందో చూడు, నామినీ డబ్బు తీసి వారసులకి అప్పగించే మనిషే తప్ప హక్కుదారు కాడని తమ్ముడికి కూడా చెప్పు.

ఇంకోటి, ఇది చిన్నదిగా కనపడుతుంది గానీ కాదు. బావగారికున్న ఆరెకరాల ముప్పై సెంట్లూ ఒకే రకం ఆస్తి కాదు. అన్నదమ్ముల పంపకంలో వచ్చిన మూడున్నర ఎకరాలు పిత్రార్జితం. 98లో మిర్చి డబ్బుతో కొన్న రెండెకరాల ఎనభై సెంట్లు స్వార్జితం. పిత్రార్జితంలో నీకూ తమ్ముడికీ పుట్టుకతోనే చెరో వాటా ఉంది. హిందూ వారసత్వ చట్టానికి 2005 సెప్టెంబరు 9న వచ్చిన సవరణ కూతురికి ఆ హక్కిచ్చింది. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా ఖాయం చేసింది, ఆనాటికి తండ్రి బతికున్నాడా లేదా అన్నదాంతో పని లేదని చెప్పింది. కాబట్టి ఆ మూడున్నరలో బావగారు రాయగలిగింది తన వాటా వరకే. రెండెకరాల ఎనభై సెంట్లు ఆయన ఇష్టం. వీలునామాలో ఏది ఏ రకమో, కొన్నది ఏ డబ్బుతో కొన్నారో విడివిడిగా రాయించు. అన్నీ కలిపి "నా స్వార్జితము" అని ఒక్క ముక్కలో రాసేస్తే రేపు దాన్ని పట్టుకునే లాగుతారు.

మీ నాయనమ్మ సంగతి ఎవరూ ఆలోచించినట్టు లేదు. వీలునామా లేకుండా బావగారికి ఏదైనా జరిగితే, ఆ మాట నా నోట రాకూడదు కానీ రాయక తప్పదు, ఆయన ఆస్తిలో భార్యకీ మీ ఇద్దరికీ ఎంతో కన్నతల్లికీ అంతే. ఆవిడ కూడా పోయాక ఆ భాగం మీ బాబాయికీ, మీ మేనత్తలిద్దరికీ, మీకూ చీలుతుంది. గట్టు మీద తగువు అక్కణ్ణించే మొదలవుతుంది. నాయనమ్మకి ఏమీ ఇవ్వొద్దని నేను అనడం లేదు. ఎనభై ఎనిమిదేళ్ల మనిషికి పొలం ముక్క కాదు కావలసింది. ఆవిడ మందులూ మంచీచెడ్డా కౌలు డబ్బులోంచి ఎవరు చూడాలో వీలునామాలోనే ఒక వాక్యం రాయించు.

ఇక రెండో తప్పు. నీ పథకంలో నీ పేరుంది, తమ్ముడి పేరుంది. మీ అమ్మ పేరు ఎక్కడుంది? "అమ్మ నా దగ్గరే ఉంటుందిగా మావయ్యా" అంటావని నాకు తెలుసు. ఉంటుంది. నీ మనసు నాకు తెలియంది కాదు. నా మనసూ మంచిదే అమ్మడూ. ఇప్పుడు చెప్పబోయేది నీకు ఎవరూ చెప్పి ఉండరు. మీ అమ్మ అసలే చెప్పదు.

మా నాన్నకి సొంతంగా కొన్న ఆరెకరాలు ఉండేవి. 84లో మీ అమ్మ పెళ్లిలో పసుపు కుంకుమ కింద కాలవగట్టు ఎకరం ఇస్తున్నానని పందిట్లో నలుగురి ముందూ చెప్పాడు. కాగితం రాయలేదు. ఆడపిల్లకి ఇచ్చేది నోటిమాటే అని మా వాళ్లందరి ధోరణి. దానంగా పొలం ఇవ్వాలంటే రాసి రిజిస్టరు చేస్తేనే చెల్లుతుందని నాకు అప్పటికే తెలుసు, నా వృత్తే అది. మా నాన్నతో అనడానికి భయపడ్డాను. ఆ ఎకరం అన్నయ్యే చేసి, ఏటా పన్నెండు బస్తాల ధాన్యం మీ అమ్మకి పంపేవాడు.

93లో నాన్న పోయాడు. మర్నాటి ఏడు అన్నయ్య రొయ్యల చెరువులకి దిగుతానన్నాడు. కైకలూరు వైపు అందరూ అదే పనిలో ఉన్నారు, వరి మడులన్నీ చెరువులవుతున్నాయి. అప్పు పుట్టాలంటే తన పేర స్పష్టంగా పొలం ఉండాలి, వాటాలు పంచుకునే పారీకత్తు రాయమన్నాడు. మా నాన్న వీలునామా రాయకుండా పోయాడు. స్వార్జితం కనక 56 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకీ, అన్నయ్యకీ, నాకూ, మీ అమ్మకీ తలా ఎకరంన్నర. ఈ లెక్క నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. ఊళ్లో మాత్రం ఇంకో లెక్క ఉండేది. 85 సెప్టెంబరు 5కి ముందు పెళ్లయిన ఆడపిల్లలకి ఏమీ రాదనేవాళ్లు. రామారావుగారి ప్రభుత్వం ఆడపిల్లకి వాటా ఇస్తూ తెచ్చిన సవరణలో ఆ తేదీ ఉన్నమాట నిజమే. కానీ అది ఉమ్మడి ఆస్తి సంగతి. తండ్రి స్వార్జితానికీ ఆ తేదీకీ సంబంధం లేదు. అన్నయ్య "దానికి 84లోనే పెళ్లయిందిగా, సంతకం ఒకటి పెట్టించేస్తే సరి" అన్నప్పుడు, కాదురా, దానికి ఎకరంన్నర వస్తుంది అని నేను చెప్పాలి. చెప్పలేదు. ఎకరం ఎలాగూ దానిదే కదా, దానికి వేరే దస్తావేజు రాస్తే స్టాంపు ఖర్చు, కోతలయ్యాక చూద్దాంలే అనుకున్నాను.

దస్తావేజు నా చేత్తోనే రాశాను. నా దస్తూరీ బాగుంటుందని ఆఫీసులో పేరు. ఆ వాక్యం ఇప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "నా వివాహ కాలమందు పసుపు కుంకుమల నిమిత్తం మా తండ్రిగారి వలన నాకు ముట్టవలసినది యావత్తూ ముట్టియున్నందున, ఈ దిగువ షెడ్యూలు ఆస్తియందు నాకు గాని నా వారసులకు గాని ఎట్టి హక్కును లేదని విడుదల చేయడమైనది." ముట్టింది అని రాసిన ఆ ఎకరాన్నే, దాని పేర కాగితం లేదు కనక, కింద అన్నయ్య షెడ్యూల్లో, అంటే అతని వాటా ఆస్తుల జాబితాలో, రాశాను. నా వారసులు అంటే నువ్వూ తమ్ముడూ. నీకు అప్పుడు ఎనిమిదేళ్లు.

మీ అమ్మ తమ్ముణ్ణి పక్కింట్లో అప్పగించి మధ్యాహ్నం బస్సుకి వచ్చింది. నా బల్ల దగ్గర నిలబడే సంతకం పెట్టబోతూ, కలం పట్టుకుని ఒక్కసారి ఆగి అడిగింది. "చిన్నన్నయ్యా, కాలవగట్టు ఎకరం సంగతి ఇందులో ఉందా?" నేను తలెత్తకుండానే, "అది నీదేగా, ఎక్కడికి పోతుంది?" అన్నాను. అది సంతకం పెట్టింది. మా అమ్మ వేలిముద్ర వేసింది, తన ఎకరంన్నరా మా ఇద్దరికీ వదిలేసింది. బతికున్నంతవరకు అనుభవించే హక్కు ఉంచుకుంటున్నానని ఒక్క వాక్యం కూడా ఆవిడ కోసం రాయలేదు. సాయంత్రం అందరం హోటల్లో ఇడ్లీ తిన్నాం. మీ అమ్మ మీ నాన్నకి ఫోను చేసి, "అంతా చిన్నన్నయ్యే చూసుకుంటున్నాడు, నాకే బెంగా లేదు" అని చెప్పింది.

95లో చెరువులకి తెల్లమచ్చ రోగం వచ్చింది. తెల్లారేసరికి గట్టు పొడుగునా చచ్చిన రొయ్యలు తేలాయి, ఆ వాసన ఊరంతా నిలిచిపోయింది. అన్నయ్య నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవాడు. 97లో వాటా మొత్తం అమ్మేశాడు, అందులోనే ఆ ఎకరం. కొన్నవాళ్ల తప్పు లేదు, కాగితం వాళ్ల పక్షాన ఉంది. మీ అమ్మకి ఎవరూ చెప్పలేదు. ఆ వేసవిలో నిన్ను తీసుకుని పుట్టింటికి వస్తూ బస్సు కిటికీలోంచి చూసింది. కాలవగట్టు ఎకరంలో ఎవరో కొత్తవాళ్లు గోతులు తీసి కొబ్బరిమొక్కలు పాతుతున్నారు. నువ్వు పక్కనే ఉన్నావు, నీకు గుర్తుండదేమో. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంది, భోంచేసింది, మా అమ్మ తల దువ్వింది. ఒక్క మాట అడగలేదు. చీకటిపడ్డాక అరుగు మీద నా పక్కన కూర్చుని, "చిన్నన్నయ్యా, అక్కడ కొబ్బరి బాగా వస్తుందా?" అంది. అంతే. తర్వాత ఇన్నేళ్లలో ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

మా అమ్మ సంగతి కూడా విను. చివరి తొమ్మిదేళ్లు నా దగ్గరే ఉంది, ఏ లోటూ చెయ్యలేదని ఊరంతా అంటుంది. ఒక సంక్రాంతికి మీరొచ్చినప్పుడు వంటింటి గుమ్మం దగ్గర నన్ను ఆపి, గొంతు తగ్గించి, "నాయనా, ఇరవై రూపాయలుంటే ఇస్తావా, అమ్మడి చేతిలో పెడతాను" అని అడిగింది. ఎకరంన్నర పొలం నాకూ అన్నయ్యకీ వదిలేసిన మనిషి, మనవరాలి చేతిలో పెట్టడానికి ఇరవై రూపాయలు నన్ను అడిగింది. అడిగే అవసరం నేను కల్పించాను. ఇవ్వలేదని కాదు, వంద ఇచ్చాను. ఆవిడ ఇరవై తీసుకుని మిగతాది నా జేబులో పెట్టేసింది.

అందుకని చెబుతున్నాను, అమ్మడూ. మీ అమ్మ నీ దగ్గర ఉండడం వేరు, మీ అమ్మకంటూ ఒకటి ఉండడం వేరు. బావగారి స్వార్జితంలో బోరు ఉన్న ఎకరంన్నర, ఊళ్లో ఇల్లు, ఈ రెండూ మీ అమ్మకి రాయించు. "జీవితాంతం అనుభవించి తదనంతరం పిల్లలకు చెందవలెను" అని రాద్దామని ఎవరైనా అంటారు. వద్దు. అలా రాస్తే ఆవిడ అమ్మలేదు, తాకట్టు పెట్టలేదు, ఒంట్లో బాగోకపోతే ఆ పొలం ఆవిడకి అక్కరకి రాదు. "సర్వహక్కులతో" అన్న మాట ఉండాలి. అమ్ముకుంటే అమ్ముకోనీ. ఎవరికైనా ఇచ్చుకుంటే ఇచ్చుకోనీ. తమ్ముడికి కష్టంగా ఉంటే ఈ ఉత్తరం చూపించు. మిగతాది మీ ఇద్దరికీ సమానంగా వెళ్తుంది. ఆ ఎకరంన్నర మీద మీ అమ్మ కూడా తన వీలునామా తాను రాసుకోవాలి, ఆ పని ఆవిడకే వదిలెయ్యి, నువ్వు ఎత్తకు.

బావగారు ఇప్పుడే నీకు ఏదో కొంత సెటిల్‌మెంటు రాసి తీరతానంటే, ఆయన్నీ అమ్మనీ చూసుకోవాలన్న షరతు ఆ దస్తావేజులోనే ఉండాలి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వృద్ధుల సంక్షేమ చట్టం 23వ సెక్షన్ కింద, చూడని పిల్లల దగ్గర్నుంచి ఆర్డీవో ఆస్తి వెనక్కి ఇప్పించగలడు. కానీ షరతు రాసి లేకపోతే ఆ ముసలివాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగాలి. నువ్వు అలాంటి పిల్లవి కావు. నీ తర్వాత ఎవరి చేతికి వస్తుందో మనకి తెలియదు. ఆ షరతు నీ మీద అనుమానం కాదు, వాళ్లకి ధీమా. అడగకముందే నువ్వే రాయించమను.

వీలునామా రాసే రోజు సంగతి. ఇద్దరు సాక్షులు కావాలి, బావగారు సంతకం పెడుతుండగా వాళ్లు కళ్లారా చూడాలి, ఆయన ఎదుటే తామూ సంతకాలు పెట్టాలి. రేపు కోర్టుకి వెళ్తే వాళ్లలో ఒకరైనా వచ్చి చెప్పాలి కనక వయసులో చిన్నవాళ్లని చూడు. నన్ను పెట్టొద్దు, నాకు డెబ్బై రెండు. ఒకరు ఆయన్ని చూస్తున్న డాక్టరైతే మరీ మంచిది, తెలివితో ఉన్నారని ధ్రువపత్రం కూడా అదే రోజు తేదీతో తీసుకో. పక్షవాతం వచ్చిన మనిషి సంతకం మారుతుంది. ఎడమచేత్తో పెట్టినా వేలిముద్ర వేసినా ఎందుకు అలా వేశారో కింద రాయించాలి. ప్రతి పేజీకీ సంతకం ఉండాలి. రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు, అయినా చేయించు. ఆయన్ని మెట్లు ఎక్కించే పని లేదు, అర్జీ పెట్టి రుసుము కడితే సబ్‌రిజిస్ట్రారే ఇంటికొస్తారు. ఆ పూట నువ్వూ అమ్మా ఆ గదిలో ఉండొద్దు, గుడికి వెళ్లండి. ఆస్తి వచ్చేవాళ్లే దగ్గరుండి రాయించారంటే కోర్టులు అనుమానంగా చూస్తాయి. రాత కూడా నేను రాయను, ఆవిడ అన్నని కదా. మీ ఊరి దగ్గర మంచి వకీలుని చూసుకో.

రాసేశాక మనసు మారితే ఎలా అని బావగారు అడిగారట. ఆఖరి ఊపిరి దాకా మార్చుకోవచ్చని చెప్పు, ఆఖరున రాసిందే చెల్లుతుంది. ఆయన బతికుండగా రిజిస్ట్రారాఫీసు దాని నకలు ఆయనకి తప్ప ఇంకెవరికీ ఇవ్వదు. ఆ ధైర్యంతోనే నేనూ పోయిన ఏడు ఒకటి రిజిస్టరు చేయించాను. నా వాటాలోంచి ఎకరంన్నర మీ అమ్మకి రాశాను. పదేళ్ల కిందట ఇస్తానంటే "తీసుకుంటే పెద్దన్నయ్యని తప్పు పట్టినట్టవుతుంది" అని ఒప్పుకోలేదు. ఇప్పుడు నువ్వు చెప్పకు.

ఇంకొక్కటి. ఇరవై రెండేళ్లుగా మీ పొలం చేస్తున్న కౌలు రైతుని ఒకసారి ఇంటికి పిలిచి బావగారి చేత మాట్లాడించు. కౌలు కార్డు కోసం ఈసారి సంతకం పెట్టండి. పదకొండు నెలల కార్డు అది, దానివల్ల యాజమాన్యం ఎక్కడికీ పోదు. కార్డు లేకపోతే ఆయనకి బ్యాంకులో అప్పు పుట్టదు, పంట పోతే పరిహారం రాదు. మీరంతా విజయవాడ వెళ్లిపోతున్నారని తెలిసి ఆయన భార్య మీ అమ్మ దగ్గర ఏడ్చిందట. రేపు పొలం ఎవరి పేర ఉన్నా వచ్చే సార్వాకి ఆయనే చేస్తాడో లేదో ఇప్పుడే తేల్చి చెప్పండి.

నేను వచ్చే గురువారం ఉదయం బస్సుకి వస్తున్నాను. వకీలు రాసిన చిత్తుప్రతి అప్పటికి సిద్ధంగా ఉంచు. రాత్రి భోజనాలయ్యాక బావగారు మంచం మీద కూర్చుంటారు, మీ అమ్మ దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి షెడ్యూలు దాకా పైకి చదవాలి. ఎక్కడ ఆగితే అక్కడ ఆగుదాం. ఏం అడిగితే అది చెబుదాం. ఎంత రాత్రయినా నేను కూర్చుంటాను. కళ్లద్దాలు సరిగ్గా కనిపించడం లేదని పోయిన నెల అంది, ఈ వారంలో తీసుకెళ్లి అవి మార్పించు.

ఆశీస్సులతో,
చినమావయ్య